ఒకే ఇంటికి మూడు పంచనామాలు

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "నేను ములుగు జిల్లాలో కొత్తగా చేరిన పంచాయతీ కార్యదర్శిని. ట్రైనింగ్‌లో ఒక రోజు విపత్తు నిర్వహణ గురించి, ఇంకో రోజు సుస్థిర గ్రామాల గురించి చెప్పారు. విపత్తు నిర్వహణ అంటే పడవలు, హెలికాప్టర్లు, నష్టపరిహారమే కదా? దానికీ ఊరు పదికాలాలు పచ్చగా ఉండటానికీ సంబంధం ఏమిటి? మా పంచాయతీ స్థాయిలో చేయగలిగింది ఏమైనా ఉందా?"

అమ్మా, మీ ప్రశ్న చదివి రెండు రోజులు ఆలోచించాకే రాస్తున్నాను. నేను రెవెన్యూ శాఖలో 30 ఏళ్ళకు పైగా పనిచేసి తహసీల్దారుగా రిటైరయ్యాను. సర్వీసు దాదాపు అంతా పాత వరంగల్ జిల్లా మండలాల్లోనే గడిచింది. వరద డ్యూటీలు, కంట్రోల్ రూమ్ రాత్రులు చాలానే చూశాను. సంబంధం ఉందా అని అడిగారు. ఉంది. నాకది ఏ శిక్షణలోనూ తెలియలేదు, ఒక ఇంటి దగ్గర తెలిసింది.

ఒక ఊర్లో వాగుకు కొంచెం ఎడంగా ఒక మట్టిగోడల పెంకుటిల్లు ఉండేది. భర్త పోయిన ఒక పెద్దావిడ, ఆమె మనవడు ఉండేవాళ్ళు. ఒక వానకాలం నీళ్ళొచ్చి పడమటి గోడ కూలింది. నేనే వెళ్ళి పంచనామా రాశాను. ఇల్లు పాక్షికంగా దెబ్బతిన్నది, బియ్యం రెండు బస్తాలు తడిసినవి, మేకలు రెండు కొట్టుకుపోయినవి. పరిహారం వచ్చింది, ఆమె అదే చోట అదే మట్టితో గోడ లేపుకుంది. నాలుగేళ్ళకు మళ్ళీ కూలింది. గడపకు పసుపు రాసిన తీరు చూసి ఇది నేను రాసిన ఇల్లేనని గుర్తుపట్టాను. మళ్ళీ రాశాను. మూడోసారి వెళ్ళేసరికి ఆమె ట్రంకుపెట్టెలోంచి పాత పంచనామా నకలు తీసి నా చేతిలో పెట్టింది. "దీంట్ల ఉన్నదే రాసుకో సారూ, పోయింది అదే" అంది. నాకు పని సులువు చేద్దామని అన్న మాట అది. ఆ కాగితం పట్టుకుని నేను చాలాసేపు రాయలేకపోయాను.

ఆ రోజు మొదటిసారి, కూలిన గోడను వదిలి వాగు వెంట కిందికి నడిచాను. రెండు వందల గజాలు పోతే రోడ్డు వచ్చింది. ఊరికి తారు రోడ్డు వేసినప్పుడు ఎత్తు పెంచి, కింద రెండు సిమెంటు తూములు వేశారు. వాగు వెడల్పు అంతకు పదింతలు. తూముల నోట్లో ముళ్ళకంప, పాలిథిన్ సంచులు, ఒక చచ్చిన దుక్కిటెద్దు. నీళ్ళు ముందుకు పోలేక వెనక్కి తన్ని ఆమె ఇంట్లోకి ఎక్కుతున్నాయి. రోడ్డు వేయకముందు, ఆమె కాపురానికి వచ్చిన ముప్పై ఏళ్ళలో, ఆ గడప ఒక్కసారి కూడా తడవలేదట. ఆ రోడ్డు రాసుకున్నది అభివృద్ధి ఖాతాలో. ఆ ఇల్లు రాసుకున్నది విపత్తు ఖాతాలో. రెండూ పక్కపక్కన కనిపించే రిజిస్టరు ఏ ఆఫీసులోనూ లేదు. తూములు పెంచమని సంబంధిత కార్యాలయానికి రెండు లెటర్లు పెట్టాను, నేను బదిలీ అయ్యేదాకా జవాబు రాలేదు. మొదటి పంచనామా నాడే నేను ఆ రెండు వందల గజాలు నడిచి ఉండాల్సింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

మీరడిగిన సంబంధం అదే. ఒక ఊరు పదే పదే కూలినదాన్ని పదే పదే అదే చోట కట్టుకుంటూ పోతే, అప్పు మీద అప్పు చేస్తుంది. పిల్లల చదువు ఆగుతుంది, మేకలు, పుస్తెలు అమ్ముడుపోతాయి. అలాంటి ఊర్లో ఎన్ని మొక్కలు నాటినా, ఎన్ని సోలార్ దీపాలు పెట్టినా అది సుస్థిర గ్రామం కాదు. ఆ రెండు ఖాతాలనూ ఒక చోటికి తేవడమే విపత్తు నిర్వహణకు ఇప్పుడు వచ్చిన కొత్త బాధ్యత.

ఇది ఒక్కసారిగా రాలేదు. బ్రిటిష్ కాలంలో 1880ల నాటి కరువు కోడ్‌ల నుంచి మనకు వచ్చిన ఆలోచన 'సహాయం'. కరువొస్తే పని పెట్టు, గంజి పోయ్, లెక్క రాయి. స్వాతంత్ర్యం తర్వాత కూడా చాలాకాలం కేంద్రంలో విపత్తుల వ్యవహారం వ్యవసాయ శాఖ కింద ఉండేది, ఎందుకంటే విపత్తు అంటే కరువూ పంటనష్టమూ అనే లెక్క. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్‌లో పదివేల మంది దాకా పోయారు. 2001లో భుజ్ భూకంపం వచ్చింది. ఆ తర్వాతే అది హోంశాఖకు మారింది, 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. ఆ చట్టంలో నివారణ, తీవ్రత తగ్గించడం, సన్నద్ధత అనే మాటలు సహాయానికి సమానంగా ఉన్నాయి. 2015లో ప్రపంచ దేశాలు ఒప్పుకున్న సెండాయ్ ఒప్పందం ఇంకో అడుగు వేసింది: పోయినదాన్ని తిరిగి కట్టేటప్పుడు ముందుకంటే గట్టిగా కట్టాలి అని. నా పెద్దావిడకు మూడుసార్లూ జరగనిది అదే.

ఇది పనిచేస్తుందా అంటే ఒడిశాను చూడండి. 1999 తర్వాత వాళ్ళు తుపాను షెల్టర్లు కట్టారు, ఊరూరా వాలంటీర్లను తయారు చేశారు, ఏటా డ్రిల్లు చేశారు. 2013లో ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు. చావులు పదుల్లో ఆగాయి. గాలి వేగం తగ్గలేదు, జనం తయారీ పెరిగింది.

డబ్బు సంగతి కూడా తెలుసుకోండి, ఎవరైనా "ఫండ్స్ లేవమ్మా" అంటే మీ దగ్గర జవాబుండాలి. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా రాష్ట్రాలకిచ్చే విపత్తు నిధిని రెండుగా విడదీసింది. 80 శాతం స్పందనకు, 20 శాతం ముప్పు తగ్గించే పనులకు. ఆ 80లో కూడా 40 సహాయానికి, 30 పునర్నిర్మాణానికి, 10 సన్నద్ధతకు. అంటే వాన పడకముందు చేసే పనికి కూడా అధికారికంగా పద్దు ఉంది. అడిగేవాళ్ళు తక్కువ. పంట పోయాక వచ్చేది ఎంతో కూడా చూడండి. 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన నిబంధనల ప్రకారం 33 శాతం, అంతకు మించి నష్టపోతే వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు. ఎకరాకు దాదాపు 3,400. పత్తి వేసిన రైతుకు అది విత్తనం, ఎరువు, కూలి ఖర్చులో కొంత భాగమే. పరిహారం మీద బతికే ఊరు ఉండదు.

ఇక మన ప్రాంతానికి వస్తాను. మనది సముద్రం లేని నేల కాబట్టి తుపాను మనది కాదని చాలామంది అనుకునేవారు. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను ఆంధ్ర తీరం దాటి వరంగల్, హనుమకొండలను ముంచింది. కల్లాల్లో ఆరబోసిన వడ్లు కళ్ళముందే మొలకెత్తాయి. అంతకుముందు 2023 జులై చివర మీ జిల్లాలోనే వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. ఏడాదంతా కురిసే వానలో దాదాపు సగం ఒక్క రోజులో. ఆ అంకెను నేను ఇలా అర్థం చేసుకుంటాను: 65 సెంటీమీటర్ల వాన 44 చదరపు కిలోమీటర్ల మీద పడితే అది ఒక టీఎంసీ నీరు. మూడు నాలుగు ఊళ్ళ శివార్లు కలిస్తే అంత విస్తీర్ణం అవుతుంది. అంత నీటిని ఏ చిన్న చెరువూ పట్టుకోలేదు, దారి ఇవ్వగలదు, అంతే. ఆ దారిలో ఏమున్నదన్నదే మన చేతిలో ఉన్న విషయం. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో ఆ తెల్లవారి ఊరు ఊరంతా డాబాలెక్కింది, హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఆ రెండు మూడు రోజుల్లోనే వరంగల్ నడిబొడ్డున భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది.

కాకతీయులు ఈ నేలకు ఇచ్చిన గొలుసుకట్టు చెరువులు నా దృష్టిలో ఇప్పటికీ మన మొదటి విపత్తు నిర్వహణ వ్యవస్థ. రామప్ప, పాకాల, లక్నవరం లాంటి పెద్ద చెరువుల కింద వందల చిన్న కుంటలు. పైచెరువు నిండితే మత్తడి (అలుగు) దుంకి కింది చెరువులోకి, అక్కడి నుంచి ఇంకో దానిలోకి. వరద దారిలో వేగం తగ్గించుకుంటూ పోతుంది, ఎండాకాలానికి నీళ్ళు మిగులుతాయి. కరువుకూ వరదకూ ఒకే మందు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చాలా చెరువుల్లో పూడిక తీశారు, మంచి పని. కానీ గొలుసు అంటే చెరువు ఒక్కటే కాదు, చెరువుకూ చెరువుకూ మధ్య ఉన్న కాలువ. ఆ కాలువలే పొలాల్లో కలిసిపోయాయి, ప్లాట్ల కింద పూడిపోయాయి. పూడిక తీసిన చెరువు ఎక్కువ నీళ్ళు పడుతుంది, అవి పోయే దారి మాత్రం సన్నబడింది. అప్పుడు కట్ట మీద బరువు పెరుగుతుంది.

కట్ట తెగే ముందు ఏం జరుగుతుందో నేను దగ్గర నుంచి చూసిన ఒక రాత్రి చెప్తాను, మీకు పనికొస్తుంది. మూడు రోజుల ముసురు. చెరువు నిండుకుండలా ఉంది. రాత్రి పదకొండుకు ఫోన్: కట్ట కింద నీళ్ళు కారుతున్నాయని. నేను వెళ్ళేసరికి ఊరంతా కట్ట మీదుంది, ఎవరికి తోచింది వాళ్ళు అరుస్తున్నారు. ఒక ముసలాయన, ఒకప్పుడు చెరువు తూములు తెరిచి మూసే నీరటి, ఎవరితోనూ మాట్లాడకుండా కట్ట దిగువకు దిగాడు. వెనకాలే నేనూ దిగాను. కారుతున్న నీళ్ళను దోసిట్లో పట్టి టార్చి వెలుతురులో చూశాడు. మళ్ళీ పారబోసి ఇంకోచోట పట్టాడు. ఒకచోట నీళ్ళు తేటగా ఉన్నాయి, "ఇది ఊట, ఏం కాదు" అన్నాడు. పది అడుగుల అవతల నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇది బుంగ. మట్టి తింటున్నది" అన్నాడు. తేటనీరు కారితే కట్ట ఊరుతోంది, బురదనీరు కారితే కట్ట లోపల నుంచి కొట్టుకుపోతోంది. అంత తేడా. బుంగను దిగువ నుంచి బిరడా కొట్టినట్టు మూయనివ్వలేదు. దాని చుట్టూ ఇసుక బస్తాలు బావి గట్టులా పేర్పించాడు. లోపల నీటిమట్టం పెరిగేకొద్దీ ఒత్తిడి తగ్గి మట్టి రావడం ఆగింది. ఇంకోపక్క మత్తడికి అడ్డంగా చేపల కోసం కట్టిన వలలు, కర్రలు తీయించాడు. తెల్లారేసరికి చెరువు జానెడు దిగింది. కింద వాడలో రెండు వందల ఇళ్ళకు పైగా ఉన్నాయి.

ఆయన జ్ఞానం ఏ మాన్యువల్‌లోనూ లేదు. తండ్రి నుంచి వచ్చింది. మరి ఇప్పుడు ఆ మనిషి స్థానంలో ఎవరున్నారు? గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థ 2020లో రద్దయింది. నీరటి, కావలికారు లాంటి పాత కొలువులవాళ్ళు గ్రామ రెవెన్యూ సహాయకులుగా (వీఆర్ఏలుగా) ఉండేవారు, వాళ్ళను 2023లో వేర్వేరు శాఖల్లో సర్దారు. 2025లో గ్రామ పాలనాధికారులు వచ్చారు, సంతోషం. కానీ ఏ తూము షట్టర్ ఎటు తిప్పితే లేస్తుందో, తాళం ఎవరింట్లో ఉంటుందో తెలిసిన మనిషి ప్రతి ఊరికీ ఒకరు ఉండాలి, ఆ మనిషి పేరు మీ రిజిస్టర్‌లో ఉండాలి. పెద్ద ప్రాజెక్టుకైనా ఇదే మాట. నిర్మల్ జిల్లా కడెం ప్రాజెక్టుకు 2022 జులైలో డిజైన్ సామర్థ్యాన్ని మించి దాదాపు ఐదు లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 18 గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. దిగువ ఊళ్ళను రాత్రికి రాత్రి ఖాళీ చేయించాల్సి వచ్చింది. గేటుకు గ్రీజు పెట్టడం ఫోటోకు పనికొచ్చే పని కాదు, కానీ విపత్తు నిర్వహణ అంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే.

పట్టణాల సంగతి కొంచెమే చెప్తాను, మీది పల్లె కాబట్టి. హనుమకొండ నయీంనగర్ నాలా పొంగి 2020 ఆగస్టులో చుట్టుపక్కల ఎలా మునిగిందో చూసినవాళ్ళకు తెలుసు. భవన నిబంధనల్లో పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలని 2012 నుంచే ఉంది. నాలా అంచున కూడా వెడల్పును బట్టి 9 లేదా 2 మీటర్లు. అది కాగితం మీద చదివితే చిన్న విషయం, నేల మీద చూస్తే ఒక్కో అడుగు లక్షల ఖరీదు. 2025లో విపత్తు చట్టాన్ని సవరించి మున్సిపల్ కార్పొరేషన్ ఉన్న నగరాలకు ప్రత్యేకంగా పట్టణ విపత్తు నిర్వహణ సంస్థ పెట్టే వీలు కల్పించారు. వరంగల్ అందులోకి వస్తుంది. లేఅవుట్ పర్మిషన్ ఇచ్చే బల్ల దగ్గర ఆ సంస్థకు కుర్చీ దొరికితేనే దానివల్ల ఉపయోగం. వరద వచ్చాక పిలిస్తే అది ఇంకో కంట్రోల్ రూమ్ అవుతుంది.

మీ చేతిలో చట్టం లేదని అనుకోకండి. 2005 చట్టంలో స్థానిక సంస్థ అంటే పంచాయతీ కూడా. 41వ సెక్షన్ ప్రకారం మీ సిబ్బందికి శిక్షణ ఇప్పించడం, సామగ్రిని వాడకానికి సిద్ధంగా ఉంచడం, మీ పరిధిలోని కట్టడాలు విపత్తు ప్రమాణాలకు తగ్గట్టు ఉండేలా చూడటం మీ బాధ్యత. 30వ సెక్షన్ ప్రకారం కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా సంస్థ జిల్లాలో ఏ నిర్మాణాన్నైనా పరిశీలించి ప్రమాణాలు పాటించలేదనిపిస్తే సరిచేయించమని ఆదేశించవచ్చు. నేను తూముల గురించి రాసిన లెటర్లలో ఈ సెక్షన్ రాయలేదు, అప్పుడు నాకంత అవగాహన లేదు. మీరు రాయండి. గ్రామసభ తీర్మానం జత చేసి రాయండి. తీర్మానం ఉన్న లెటర్‌ను పక్కన పడేయడం కష్టం.

ఇక మీ పని. నేనైతే ముందు మనుషుల జాబితాతో మొదలుపెడతాను. మామూలు ఓటరు జాబితా కాదు. పిలిస్తే తమంతట తాము లేచి నడవలేనివాళ్ళ జాబితా: మంచం పట్టిన ముసలివాళ్ళు, నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్‌కు పోయేవాళ్ళు, చెవిటివాళ్ళు, ఒంటరి ఆడవాళ్ళు. ప్రతి పేరు పక్కన ఇంకో పేరు, ఆ మనిషిని మోసుకొచ్చే పొరుగువారి పేరు. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్, మహిళా సంఘం లీడర్ ముగ్గురూ ఒక మధ్యాహ్నం కూర్చుంటే ఈ జాబితా అయిపోతుంది. మగవాళ్ళం ఇలాంటి జాబితా రాస్తే సగం ఇళ్ళు తప్పుతాయి. నేను తప్పాను. ఒక వరదలో ఇల్లిల్లూ తిరిగి ఖాళీ చేయించామని రిపోర్టు ఇచ్చాక ఒక ఇంటి వెనక గదిలో బాలింత ఉందని తెలిసింది. ఆ సంఘం లీడరే చెప్పింది, సమయానికి చెప్పింది.

జనం ఎందుకు కదలరో కూడా అర్థం చేసుకోవాలి. "వీళ్ళు వినరు" అని ఆఫీసర్లం అనేస్తాం. కదలనిది గొడ్ల వల్ల. బర్రెను కట్టుగొయ్యకు వదిలి పునరావాస కేంద్రానికి రమ్మంటే ఎవరొస్తారు? పాలమ్మి బతికే ఇంటికి అదే ఆస్తి. అందుకే మీరు చూసే పునరావాస కేంద్రం పక్కన మిట్టన గొడ్లకు జాగా, ఎండుగడ్డి, నీళ్ళతొట్టి ఉండాలి. స్కూలో రైతు వేదికో మిట్ట మీద ఉంటే అదే కేంద్రం. పల్లంలో ఉంటే ఎంత కొత్త బిల్డింగైనా వద్దు. అక్కడ ఆడవాళ్ళకు తలుపు గడియ ఉన్న మరుగుదొడ్లు, రాత్రి లైటు ఉన్నాయో లేదో మీరే స్వయంగా చూడండి. లేకపోతే ఆడపిల్లలున్న ఇళ్ళు రావు.

హెచ్చరిక గురించి ఒక మాట. ఫోన్లకు మెసేజ్‌లు వస్తున్నాయి, కేంద్రం తెచ్చిన సచేత్ యాప్ ఉంది, రాష్ట్రంలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల వర్షపాతం ఎప్పటికప్పుడు ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది. మీ పైన ఉన్న మండలంలో ఎంత పడుతోందో చూస్తే మీ వాగుకు ఎంతసేపట్లో నీళ్ళొస్తాయో అంచనా వేయవచ్చు. కానీ కరెంటు పోయి, టవర్ పడుకున్నాక మిగిలేది డప్పు, గుడి మైకు, మసీదు మైకు, పంచాయతీ ట్రాక్టర్ హారన్. ఏ చప్పుడుకు ఏం అర్థమో ఊరికి ముందే తెలిసి ఉండాలి. వాగు వంతెన స్తంభానికి రెండు రంగుల గీతలు గీయించండి. పసుపు దాకా వస్తే గొడ్లను కదిలించాలి, ఎరుపు దాకా వస్తే మనుషులు కదలాలి. పెయింట్ డబ్బా ఖర్చు తప్ప ఇంకేం లేదు. మీకు జంపన్నవాగు సంగతి చెప్పక్కర్లేదు, మేడారం జాతరకు కోటి మంది మొక్కే ఆ నీళ్ళే 2023లో కొండాయి ఊరి మీద పడి ప్రాణాలు తీశాయి.

వరద ఒక్కటే అనుకోకండి. ఎండ కూడా చంపుతుంది, నిశ్శబ్దంగా. 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు వెయ్యి మందికి పైగా పోయారు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాలిని రాష్ట్ర విపత్తుగా గుర్తించింది, మరణానికి 4 లక్షల పరిహారం. ఇక్కడ కూడా పంచనామా ఉంటుంది, కానీ దాన్ని రాయాల్సిన అవసరం రాకుండా చేయడం మీ చేతిలో ఉంది. ఉపాధి పని తెల్లవారుజామున మొదలుపెట్టి పదిన్నరకు ఆపేయడం, పని దగ్గర నీడ, ఓఆర్ఎస్, రేకుల ఇళ్ళల్లో ఉండే ముసలివాళ్ళను మధ్యాహ్నం అంగన్‌వాడీకో చెట్టు కిందికో తేవడం. పంచాయతీ నర్సరీలో మొక్కలు ఏవి పెంచుతున్నారో చూడండి. అందానికి పనికొచ్చేవి కాదు, వేప, కానుగ, మర్రి, నీడనిచ్చేవి ఉండాలి. పిడుగులకు దామిని యాప్ ఉంది, నాట్ల కాలంలో మేస్త్రీల ఫోన్లలో ఉండేలా చూడండి. 2024 డిసెంబరు 4 పొద్దున 7:27కి మీ జిల్లాలోనే 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది కదా. కొత్త ఇందిరమ్మ ఇళ్ళు కట్టేటప్పుడు పునాది మీద, తలుపుల మీద, గోడ పైన కాంక్రీటు అడ్డపట్టీలు వేయించమని మేస్త్రీలకు చెప్పండి. పక్కనే రామప్ప గుడి పునాదిలో ఇసుక నింపి ఎనిమిది వందల ఏళ్ళ కింద కట్టారు, ఆ నేల మీద ఇప్పుడు పట్టీ లేని ఇటుక గోడలు లేస్తుంటే నాకు కష్టంగా ఉంటుంది.

కష్టమైన భాగం కూడా దాచకుండా చెప్తాను. వాగు ఒడ్డు ఇళ్ళను మార్చడం. మీరు మంచి మనసుతో చెప్పినా తిట్లు పడతాయి. ఆ ఇల్లు వాళ్ళకు ఒక అడ్రసు, పట్టా మీద ఆశ, పొలానికి దగ్గర. మార్చేచోటు పనికి మూడు కిలోమీటర్ల దూరమైతే ఎవరూ ఉండరు, ఇల్లు ఖాళీగా పడి ఉంటుంది, జనం మళ్ళీ వాగు దగ్గరికే వస్తారు. ఇలాంటి కాలనీలు నేను చూశాను. కాబట్టి మారమని అడిగే ముందు రోడ్డు, బోరు, కరెంటు, గొడ్లకొట్టం చూపించి అడగాలి. కొన్నిసార్లు మనిషిని కదిలించడం కంటే తూమును పెంచడమే న్యాయం. నా పెద్దావిడ విషయంలో నేనైతే ఆ మాటే అంటాను. ఇంకోపక్క శిఖం భూమిలో, అంటే చెరువు నీళ్ళు నిలిచే నేలలో, ఇల్లు లేపుతున్నవాళ్ళు ఊర్లో బలమున్నవాళ్ళయి ఉంటారు. మీరు ఒక్కరే ఎదురునిలబడితే బదిలీ తప్ప ఏమీ జరగదు. ఎఫ్‌టీఎల్ రాళ్ళు పాతించే రోజు ఇరిగేషన్ వాళ్ళను, రెవెన్యూ వాళ్ళను, చెరువు కింది ఆయకట్టు రైతులను, మత్స్య సొసైటీ వాళ్ళను పిలవండి. చెరువు మీద బతికేవాళ్ళు మీ వెనక నిలబడితే మీ మాటకు బలం వస్తుంది.

పంచాయతీ వార్షిక ప్రణాళిక రాసేటప్పుడు ప్రతి పనికి ఎదురుగా ఒక గడి పెంచండి: ఈ పని వల్ల నీళ్ళు ఎటు పోతాయి? సీసీ రోడ్డు వేస్తే, ప్రహరీ కడితే, శ్మశానవాటిక చదును చేస్తే. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింద కంకరంతా కొట్టుకుపోయి రైలు పట్టాలు గాలిలో వేలాడాయి. మనం నేల మీద ఎత్తుగా ఏది కట్టినా నీటికి అది కట్టే. ఆ గడి నింపమంటే ఇంజినీరు మొదట విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

ఇప్పుడు వానలు రాకముందే ఒక రోజు కేటాయించుకోండి. మీ ఊరి పాత నీరటి బతికే ఉంటే ఆయన్ను, లేకపోతే ఆ ఇంటి పిల్లలను వెంట పెట్టుకుని మత్తడి నుంచి కింది చెరువు దాకా కాలువ వెంట పూర్తిగా నడవండి. నోట్‌బుక్, ఫోన్, మంచినీళ్ళు చాలు. ఎక్కడ సన్నబడింది, ఎక్కడ ఎవరి కంచె అడ్డం వచ్చింది, ఏ తూము వ్యాసం ఎంత, అన్నీ ఫోటోతో సహా రాసుకోండి. పొద్దున ఏడుకు బయల్దేరితే ఎండ ముదిరేలోపు అయిపోతుంది. నడవలేనివాళ్ళ జాబితాకు, తూముల లెక్కకు నేను వాడిన రిజిస్టర్ ఫార్మాట్ నా పాత డైరీలో ఉంది. కావాలంటే ఇక్కడే అడగండి, గడులతో సహా రాసి పెడతాను.